పాలివాళ్ళ కోట

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో కర్ణాటకలోని బీదరు ఫోటోలు పన్నెండు పెట్టాను. ఎర్ర గోడ, కందకం, మదర్సా ముఖానికి మిగిలిన నీలం పలకలు, చౌబారా దగ్గర టీ తాగుతున్న మా బావ. అరగంటకి పెదనాన్న మెసేజ్ వచ్చింది. "ఏరా అబ్బాయ్, మన గుళ్ళూ గోపురాలూ అన్నీ చూసేశావా? వాళ్ళ కోటలకి తయారయ్యావు!" దాని కింద ఇద్దరు పిన్నులు దణ్ణం బొమ్మలు పెట్టారు. పెదనాన్న మాటకో, ఫోటోల్లో ఉన్న దర్గాకో, ఇప్పటికీ నాకు తెలియదు.

పెదనాన్నకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. "ఆయ్, హంపీ కూడా వెళ్తానండి" అని రాసి ఊరుకున్నాను. కానీ ఆ 'వాళ్ళ' అన్న ముక్క గౌతమిలో పడుకుని రాజమండ్రి చేరేదాకా నిద్ర పట్టనివ్వలేదు. నాది దస్తావేజులు రాసే పని. ఆస్తి ఎవరిదో తేలకుండా కాగితం మీద కలం పెట్టం. అందుకని ఇది కూడా తేల్చుకోవాలనిపించింది. బీదరు కోట ఎవరిది? అది ఎవరిదైతే నాకేంటి?

నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత అందులో చిల్లులు నేనే చూపిస్తాను. అది 'వాళ్ళది' అనడం తప్పు. 'మనందరిదీ' అని టూరిజం బోర్డు మీద రాసినట్టు రాసేసుకోవడమూ తప్పే. గోదావరి వాడికి బీదరు పాలివాళ్ళ ఇల్లు, అంటే దాయాదుల ఇల్లు లాంటిది. ముద్దు చేసే చుట్టరికం కాదు. తెంచుకుంటే తెగేదీ కాదు.

రాయి లేని ఊరి నుంచి

మా సొంతూరు కోనసీమలో, అయినవిల్లి దగ్గర. అక్కడ గునపం ఎంత లోతుకి దింపినా ఒండ్రుమట్టే, రాయి తగలదు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద దెబ్బలాడుకుంటే విసురుకోవడానికి రాయి దొరక్క రాలిన కొబ్బరి పిందెలు విసురుకునేవాళ్ళం. ఇంటి పునాదికి రాయి కావాలంటే లారీలో రావాలి. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు ధవళేశ్వరం ఎంచుకోవడానికి ఒక కారణం, పక్కనే కొట్టుకోవడానికి కొండరాయి ఉండడం. అక్కడితో రాయి అయిపోతుంది, కింద సముద్రం దాకా మన్నే.

అలాంటి ఊరివాణ్ణి బీదరు కోట ముందు నిలబెడితే ముందు రాయే కనిపిస్తుంది. సుల్తానులు తర్వాత. అది ఎర్ర లాటరైట్ రాయి, తేనెపట్టులా ఒళ్ళంతా బెజ్జాలు. నేలలోంచి తీసేటప్పుడు కాస్త మెత్తగా ఉంటుంది, గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. గోడ కట్టారు అనడం సగం మాటే. చాలాచోట్ల ఉన్న బండనే తొలిచారు. ఒక వైపు కందకం ఒకటి కాదు, పక్కపక్కనే మూడు. మధ్యలో బండని అలాగే అడ్డగోడల్లా వదిలేసి మూడు వరసలుగా చెక్కారు. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ముందు ఆ చెమటే గుర్తొస్తుంది. ఎన్ని వేల మంది, ఎన్నేళ్ళు, ఎవడి కూలి ఎవడిచ్చాడో.

"ఇంత గొయ్యి తవ్వే బదులు ఇద్దరూ కూర్చుని రాజీ పడిపోతే సరిపోయేది కదరా" అన్నాడు మా బావ. మేనత్త కొడుకు, నా ఈడువాడే, కూకట్‌పల్లిలో ఉంటాడు. కారు వాడిదే కాబట్టి వాడి అభిప్రాయాలు భరించాల్సిందే.

లోపల తాళం వేసి ఉండే రంగీన్ మహల్ ఉంది. ఉద్యోగి ఒకాయన్ని బతిమాలితే తాళం తీశాడు. నల్లరాతి గడప చుట్టూ ముత్యపు చిప్ప తునకలు పొదిగారు. బహమనీల తర్వాత బీదరుని ఏలిన అలీ బరీద్ కాలం, అంటే 1542 తర్వాతి పని. గదిలో ఇంకా మసక. ఒక పక్కకి జరిగితే చిప్ప తెల్లగా, ఇంకో పక్కకి జరిగితే గులాబీ రంగులో, ఇంకాస్త వంగితే లేత పచ్చగా. మా అమ్మ పాత అద్దకం చీర అంచు ఇలాగే మెరిసేదని గుర్తొచ్చింది. సముద్రం జాడ లేని ఊళ్ళో సముద్రపు చిప్ప. మా ఊళ్ళో గోదారి ఒడ్డున కాళ్ళ కింద పటపటమనే గుల్లల్ని మేం సున్నం తప్ప ఇంకోటి అనుకోలేదు.

బయట ఒకతను గైడునంటూ వచ్చి ఇక్కణ్ణుంచి గోలకొండకి సొరంగం ఉందన్నాడు. సొరంగం లేని కోటని నేనింతవరకూ చూడలేదు. రాజమండ్రిలో కూడా ఎక్కణ్ణుంచో ఎక్కడికో ఉందని చిన్నప్పుడు చెప్పేవాళ్ళు. అతనికి యాభై రూపాయలిచ్చి, నిజంగా ఉన్న సొరంగం చూడ్డానికి ఊరి బయట నౌబాద్ వెళ్ళాం. కరేజ్ అంటారు దాన్ని. భూమి లోపల ఊటని వెతికి పట్టుకుని, కాలవలా తొలిచి, సన్నని వాలుతో ఊరి వైపు నడిపించారు. దాని దారి పొడుగునా పైకి బావుల వరస. ఇరాన్ నుంచి వచ్చిన పనితనం. నీళ్ళంటే రేవులో మెట్టు మెట్టూ ఎక్కి ఇంట్లోకొచ్చేవి అనుకునే మా వైపు వాళ్ళకి, నీళ్ళని దొంగసొత్తులా నేలలో దాచుకుని తెచ్చుకున్న ఊరిని చూస్తే గౌరవమూ కలుగుతుంది, జాలీ కలుగుతుంది.

ఈ ఊరు నాకు నచ్చడానికి అసలు కారణం వేరే. కోట గోడ ఒకటైతే ఊరి గోడ ఇంకొకటి. ఆ ఊరి గోడ లోపల జనం ఇంకా ఉన్నారు. చౌబారా అని నాలుగు రోడ్ల మధ్య డెబ్బై ఒక్క అడుగుల గుండ్రటి బురుజు ఉంది. దాని కింద అరటిపళ్ళ బండి, మొబైల్ రీఛార్జ్ కొట్టు, ఆటోల గోల. అక్కణ్ణుంచి మదర్సా వైపు వెళ్ళే దారిలో బిద్రీ పనివాళ్ళ దుకాణాలు. జింకు ఎక్కువ, రాగి కొంచెం కలిపి పోత పోస్తారు, వెండి తీగ పొదుగుతారు. ఆఖర్న కోట మట్టి, నవాసారం కలిపి కాచిన నీళ్ళలో ముంచితే లోహం నల్లగా అవుతుంది, వెండి తెల్లగానే ఉండిపోతుంది. ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. ఎండా వానా తగలని పాత కట్టడాల లోపలి మట్టి కావాలి. దుకాణంలో ఆయన చిటికెడు నాలిక మీద వేసుకుని చప్పరించి, "ఇది పనికొస్తుంది" అన్నట్టు తల ఊపాడు. నాకూ పెట్టాడు. ఉప్పగా, చల్లగా ఉంది. మా నాన్న వరి వేసే ముందు చెరువు పక్క చేలో మట్టి ఇలాగే నాలిక్కి తగిలించి ఉప్పు చూసేవాడు.

ముద్ర నాదే, రాత నాది కాదు

మదర్సా దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. బావ కారులో ఏసీ వేసుకుని పడుకున్నాడు. మహమూద్ గవాన్ 1472లో పూర్తి చేయించిన కట్టడం. మూడంతస్తులు, రెండు మీనార్లలో ఇప్పుడు ఒకటే. ఔరంగజేబు కాలంలో లోపల పేలుడు జరిగి ముందు భాగంలో సగం కూలిపోయింది. మిగిలిన సగం మీద పలకలు అక్కడక్కడా నీలంగా, పసుపుగా అంటిపెట్టుకుని ఉన్నాయి, పెళ్ళైన వారానికి తలుపు మీద మిగిలిన పసుపు బొట్లలా.

గవాన్ ఇరాన్‌లో గీలాన్ నుంచి వర్తకానికి వచ్చి, బీదరు రాజధానిగా ఏలిన బహమనీ సుల్తానుల ప్రధానమంత్రి అయ్యాడు. ఈ సంగతి గైడ్లూ చెబుతారు, బోర్డు మీదా ఉంటుంది. అక్కడ ఎవరూ చెప్పనిది, నాకు పనికొచ్చేది, అతని చావు. ఆ చావుకి కారణం మన వైపు ఉంది.

కథ కొంచెం వెనకనించి చెప్పాలి. ఒడిశా రాజు కపిలేశ్వర గజపతి పోయాక కొడుకుల మధ్య సింహాసనం తగాదా వచ్చింది. పురుషోత్తముడికి గద్దె దక్కింది. హంవీరుడు బహమనీల సాయం అడిగాడు. పాలివాళ్ళ తగాదాలో పక్కూరి పెద్దమనిషిని పిలిస్తే ఏమవుతుందో మా ఆఫీసులో అరుగు మీద కూర్చునే ఎవరినడిగినా చెబుతారు. 1470 దశకం మొదట్లో బహమనీ సైన్యం వచ్చి రాజమండ్రి పట్టుకుంది. దాన్ని నడిపినవాడు మాలిక్ హసన్. రాజమండ్రి, ఓరుగల్లు కలిపి తెలంగాణ తరఫు, అంటే ఆ రాష్ట్రం అంతా, అతని చేతికొచ్చింది. గవాన్ లెక్కల మనిషి. ఒక్కొక్కడి చేతిలో ఇంత నేల ఉంటే ప్రమాదమని నాలుగు తరఫుల్ని ఎనిమిది చేశాడు. మాలిక్ హసన్‌కి రాజమండ్రి మిగిలింది, ఓరుగల్లు పోయింది. వాటా తగ్గినవాడి కడుపుమంట ఎలా ఉంటుందో మళ్ళీ మా అరుగు మీదే తెలుస్తుంది.

గవాన్ ముద్రలు చూసుకునే మనిషికి తాగబోసి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించారు. తర్వాత ఆ కాగితం మీద గజపతికి ఉత్తరం రాశారు, వచ్చి దాడి చెయ్యి అని. 1481 ఏప్రిల్లో సుల్తాను విడిది కొండపల్లి దగ్గర. మనం బొమ్మలు కొనుక్కునే కొండపల్లే. అక్కడికి గవాన్‌ని పిలిపించి ఉత్తరం చూపించారు. ముద్ర తనదే, రాత తనది కాదని చెప్పాడట. మత్తులో ఉన్న సుల్తాను వినలేదు, అక్కడే చంపించాడు. డెబ్బై దాటిన మనిషి. ఏడాది తిరక్కుండా సుల్తానూ పోయాడు, ఆ తర్వాత రాజ్యం అయిదు ముక్కలైంది.

ముద్ర వేసిన ఖాళీ కాగితం అన్నమాట చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా వృత్తిలో ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకోవడం అంటే ఏంటో, దాని వల్ల ఎన్ని ఇళ్ళు కూలాయో నేను చూశాను.

ఇప్పుడు పెదనాన్న 'వాళ్ళు' అన్నప్పుడు ఇందులో ఎవరిని అన్నట్టు? గవాన్ పరదేశం నుంచి వచ్చిన ముస్లిం. అతన్ని చంపించిన మాలిక్ హసన్ పుట్టుకతో పాథరీ బ్రాహ్మణ కుటుంబం వాడని, చిన్నప్పుడు పట్టుబడి మతం మారాడని పాత పారశీక చరిత్రలో ఉంది. తన అన్నదమ్ముడి మీదికి బీదరు సైన్యాన్ని పిలిచిన హంవీరుడు హిందువు. వాళ్ళ నాన్న బిరుదుల్లో ఒకటి కలబర్గేశ్వరుడు. అంటే గుల్బర్గాకి అధిపతినని ఇటువైపు రాజు ఊరికే రాసుకున్నాడు, కబ్జాలో లేని పొలాన్ని దస్తావేజులో చూపించినట్టు.

విలస రేకులు

ఇక్కడిదాకా చెబితే బావ లేచి కూర్చుని, నిజంగా గట్టి ప్రశ్న వేశాడు. కారు జహీరాబాద్ దగ్గర ఉంది. "అంతా రాజుల ఆస్తి గొడవే అంటావు. మరి మీ రాజమండ్రి మెయిన్ రోడ్డు మసీదు సంగతేంటి? అది కూడా పాలివాళ్ళ తగాదానేనా?"

కాదు. దాన్ని దాటవేస్తే ఈ వ్యాసం రాయడం దండగ.

బీదరు కాకతీయుల చేతిలో ఉండేది. దాన్ని పట్టుకున్న ఢిల్లీ యువరాజు ఉలూగ్ ఖానే 1323లో ఓరుగల్లునీ పట్టుకున్నాడు. ఆ మరుసటేడు, 1324లో, అతని పేరుతో రాజమండ్రిలో మసీదు వెలిసింది. గుమ్మం మీద పారశీక శాసనం ఇప్పటికీ ఉంది. అక్కడ అంతకుముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదని ఊరి నమ్మకం. అంటే బీదరూ రాజమండ్రీ ఒకే రాజు పోగొట్టుకున్న ఊళ్ళు, ఒకే మనిషి రెండు మూడేళ్ళలో పట్టుకున్న ఊళ్ళు. చుట్టరికం అక్కడ మొదలైంది. దెబ్బతో మొదలైంది.

దానికి రుజువు ఎక్కడో లేదు, మా అయినవిల్లి మండలంలోనే ఉంది. మా ఊరికి సైకిలు దూరంలో విలస అనే పల్లె. ముసునూరి ప్రోలయ నాయకుడు ఆ ఊరిని ఒక పండితుడికి దానం ఇస్తూ వేయించిన రాగిరేకుల్లో ప్రతాపరుద్రుడు పోయాక తెలుగు నేలకి ఏమైందో రాయించాడు. డబ్బున్నవాళ్ళని హింసించి లాక్కున్నారని, పండిన పంట పట్టుకుపోతే రైతు కుటుంబాలు చితికిపోయాయని, విగ్రహాలు పగిలాయని, అగ్రహారాలు పోయాయని. రాయించినవాడు కొత్తగా గద్దెనెక్కిన నాయకుడు, ముందువాణ్ణి ఎంత నల్లగా చూపిస్తే తను అంత తెల్లగా కనిపిస్తాడు, అది నిజమే. దస్తావేజులు రాసేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా పంట పట్టుకుపోయారన్న వాక్యం కవిత్వం కోసం రాసింది కాదని నాకు అనిపిస్తుంది. అది చేలో నిలబడ్డవాడి గొంతు.

గవాన్‌ని నేను ఇందాక సాధువులా చూపించాను. అతనూ కొంకణంలో యుద్ధాలు చేశాడు, 1472లో గోవా పట్టుకున్నాడు. అతన్ని చంపడానికి కొన్ని వారాల ముందే అదే సుల్తాను కంచి దాకా వెళ్ళి గుళ్ళు దోచాడు. మదర్సా పలకలు చూసి మురిసిపోతూ ఇవి మర్చిపోతే, పెళ్ళింట్లో భోంచేసి పక్క గదిలో ఏడుపు వినపడనట్టు నటించినట్టే.

కాబట్టి బావతో ఒప్పుకున్నాను. చుట్టరికం అనే నా మాటలో మొదటి చిల్లు ఇది: పాలివాళ్ళది ఒకే రక్తం, గెలిచి వచ్చినవాడిది కాదు. నిజమే. కానీ పాలివాడంటే మా వైపు రక్తం ఒక్కటే కాదు, పాలు, వాటా. ఒకే నేల కాగితాల్లో పేరు ఎక్కినవాడు. 1572 ప్రాంతంలో గోలకొండ వాళ్ళు రాజమండ్రి తీసుకున్నాక, మొగలాయిలు, నిజాము, 1750ల్లో ఫ్రెంచి వాళ్ళకి అప్పగించేదాకా, దగ్గర దగ్గర నూట ఎనభై ఏళ్ళు మా డెల్టా లెక్కలు ఆ కచేరీల్లో నడిచాయి. బీదరైతే 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది, ఇప్పటికీ అక్కడ తెలుగు వినిపిస్తుంది. ఆ నూట ఎనభై ఏళ్ళలో జరిగింది దోపిడీ అనండి, పాలన అనండి, నాకు ఇబ్బంది లేదు. రికార్డులో ఉంది, కొట్టివేత కుదరదు.

ఆ రికార్డు నా బల్ల మీదే ఉంటుంది. దస్తావేజు, హద్దు, హక్కు, దాఖలు, జప్తు, రద్దు, వారసుడు. వీటిలో ఒక్కటి కూడా తెలుగు పుట్టుక కాదు, అరబ్బీ, పారశీకం. కౌలు అంటే అరబ్బీలో మాట, ఇచ్చిన మాట. రైతు కూడా అక్కడిదే. కోనసీమలో ఎవరి బాధలు చెప్పాలన్నా ముందు నోట్లోకి వచ్చే 'కౌలు రైతు' అనే జంటమాటలో రెండు ముక్కలూ అటునుంచి వచ్చినవే. పొలం లెక్క జూలైలో మొదలయ్యే ఫసలీ సంవత్సరంతో నడుస్తుంది. 2025 జూలైలో మొదలైంది ఫసలీ 1435. పెదనాన్న శిస్తు రశీదు మీద ఆ అంకె ఉంటుంది, ఆయన దాన్ని ట్రంకుపెట్టెలో దేవుడి పటం వెనకాల దాచుకుంటాడు. మన హక్కు అని ఎవరన్నా బల్ల గుద్దినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఆ మాటకి మనం ఎవరికి బాకీయో చూసుకోకుండా గుద్దుతున్నందుకు.

రెండో చిల్లు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. 'వాళ్ళు' అన్నది సుల్తానుల దగ్గర ఆగదు. గ్రూపులో అది ఒక్క అడుగులో మా ఊరి నూర్‌బాషా ఇంటికి వచ్చేస్తుంది. ప్రతి సంక్రాంతికీ ముందు మా ఇంటి అరుగు మీద దూది ఏకి, పరుపులు కుట్టి, మా అమ్మని 'అక్కగారండీ' అని పిలిచే కుటుంబం అది. వాళ్ళింట్లో మాట్లాడేది మా కన్నా నిక్కమైన కోనసీమ తెలుగు. 1324 శాసనానికి వాళ్ళెందుకు జవాబు చెప్పాలి? హంవీరుడు సైన్యాన్ని పిలిచినందుకు నన్ను ఎవరూ నిలదీయలేదుగా.

మైల

మా నాన్నకీ, ఆయన చిన్నాన్న కొడుక్కీ కొబ్బరితోట గట్టు మీద తగాదా. రెండు వరసల చెట్లు ఎవరివని. అమలాపురం కోర్టులో పదకొండేళ్ళు నడిచింది. మాటల్లేవు. ఎదురైతే నాన్న చూపు కాలవ వైపు తిప్పుకునేవాడు. ఆయన మా పెళ్ళిళ్ళకి రాలేదు, మేం వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళలేదు.

ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది, ఆయన పోయాడని. నాన్న చదువుతున్న పేపరు మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. మాట్లాడకుండా దొడ్లోకి వెళ్ళి నూతి దగ్గర బట్టలతోనే నెత్తి మీద నీళ్ళు పోసుకున్నాడు. అమ్మ దేవుడి గది తలుపు వేసేసింది. పది రోజులూ దీపం లేదు, పసుపు లేదు, ఆ వారంలో ఉన్న పుట్టినరోజు నాకు చేయలేదు. నేను చిన్నవాణ్ణి, కోపం వచ్చి అడిగాను: "మనకి వాళ్ళతో మాటల్లేవు కదా?" నాన్న తల తుడుచుకుంటూ, "మాటల్లేకపోతే మైల ఉండదా?" అన్నాడు.

కేసు ఆ తర్వాత కూడా నడిచింది. మైల పట్టినంత మాత్రాన నాన్న ఆ రెండు వరసలూ వదులుకోలేదు.

బీదరు నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో అష్టూరు ఉంది. బీదరు నుంచి ఏలిన బహమనీల సమాధులు ఒకే వరసలో ఉంటాయి. హుమాయూన్ సమాధి గుమ్మటం పిడుగుపడి సగానికి చీలి, కోసిన కొబ్బరి చిప్పలా నిలబడి ఉంది. ఆ సుల్తానుని అతని సొంత జనమే 'జాలిం' అన్నారు. పక్కనే రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చిన అహ్మద్ షా సమాధి. 1436లో పోయాడు. లోపల చీకటి. కాపలా ముసలాయన గుమ్మం బయట నిలబడి ఒక అద్దాన్ని ఎండకి తిప్పాడు. వెలుగు చారలా లోపలికొచ్చి గోడ మీద పాకింది. ఎరుపు, బంగారం, లతలు, అక్షరాలు. అద్దం కదిలినంత మేరే కనిపిస్తుంది, మిగతా అంతా చీకటే. ఆ వెలుగులోకి ఒక ముసలామె వచ్చింది. నుదుటి నిండా అడ్డవిభూతి, మెడలో లింగం కాయ. గుడిలోకి వచ్చినంత మామూలుగా వచ్చి పూలదండ సమాధి మీద పెట్టి, చెంపలు వేసుకుని వెళ్ళిపోయింది. అక్కడి లింగాయతులు ఆయన్ని అల్లమప్రభువుగా కొలుస్తారు, ఉరుసుకి వాళ్ళ జంగమయ్య వస్తాడు.

మత సామరస్యం అని బోర్డు రాసి ఆమె మెడలో వేసే ఉద్దేశం నాకు లేదు. ఆమెకి ఆ మాట తెలిసి ఉండదు, అక్కర్లేదు కూడా. ఆమెని చూస్తే నాకు నూతి దగ్గర నాన్న గుర్తొచ్చాడు, అంతే. ఇష్టాయిష్టాలు అడిగి చేసే పని కాదది.

కోటగుమ్మం

రాజమండ్రిలో రైలు దిగితే ఆటోవాడు "కోటగుమ్మమా అండి?" అని అడుగుతాడు. కోటా లేదు, గుమ్మమూ లేదు. పేరు మాత్రం బేరమాడుకునే స్టాపుగా మిగిలింది. రాజరాజనరేంద్రుడి కాలం నుంచి కోట ఉన్న ఊరు, గోడ ఉన్న ఊరు. బీదరు వాళ్ళు గోడ లోపలే కాపురం చేస్తున్నారు, మనం గుమ్మం పేరు మీద కాపురం చేస్తున్నాం. వాళ్ళది బండరాయి, మనది మన్ను, అనేది సగం కారణం. మిగతా సగం గురించి మనల్ని ఎవరూ అడగలేదు, మనమూ అడుక్కోలేదు. మసీదు గుమ్మం మీద ఉన్న ఆ శాసనం కిందనుంచి నేను పాతికేళ్ళుగా ఆఫీసుకి వెళ్తున్నాను, తలెత్తలేదు. అయిదువందల కిలోమీటర్లకి పైగా వెళ్ళి వస్తే గానీ ఆ బుద్ధి పుట్టలేదు.

మరుసటి సోమవారం పొద్దున్నే మసీదు ముందు బండి ఆపాను. పక్కన బట్టలకొట్టు షట్టరు ఎత్తుతున్నారు. గుమ్మం మీది అక్షరాలు నాకు ఒక్కటి కూడా చదవడం రాదు. మెడ నొప్పెట్టేదాకా చూస్తుంటే లోపల్నుంచి తెల్లగడ్డం ఆయన ఒకాయన వచ్చి, "ఎవరు కావాలండి?" అన్నాడు.

"ఎవరూ వద్దండి. పైన ఏం రాసుందో చూస్తన్నాను."

ఆయన కూడా నా పక్కకొచ్చి నిలబడి తలెత్తాడు. కాసేపు పెదవులు కదిపాడు. "రంజాన్ అని ఉందండి ఇక్కడ. మిగతాది పాత రాత, నాకూ సరిగ్గా అందదు." తర్వాత నా బండి వైపు చూసి, "కొంచెం పక్కకి పెట్టుకోండి, లారీ వస్తుంది ఇప్పుడు" అన్నాడు.

ఆ గుమ్మం ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కింద ఏం రాయాలో తోచక ఊరి పేరు, 1324 అని మాత్రం రాశాను. పెదనాన్న చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రం దాకా ఏమీ రాయలేదు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "ఒరే, ఆ రోడ్డులోనే కదరా మీ నాన్నా నేనూ చిన్నప్పుడు చెప్పులు కొనుక్కున్నది? ఆ కొట్టు ఇంకా ఉందా?"